ఆ పొట్లం పారేయకండి, వెంట తీసుకెళ్ళండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. నాకు 33 ఏళ్ళు. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. పాప పుట్టిన మూడు నెలలకు మోచేతుల మీద, తలలో పొట్టు లేవడం మొదలైంది. సోరియాసిస్ అన్నారు. ఇప్పటికి ఎనిమిదేళ్ళు. మా ఊరి ఆర్‌ఎంపీ సూది వేస్తే పది పదిహేను రోజులు బాగుండేది, మళ్ళీ వచ్చేది. పోయిన ఏడాది ఒకాయన తెల్లపొడి పొట్లాలు ఇచ్చాడు. ఆకులతో చేసిన మందన్నాడు. నాలుగు నెలలు వాడితే చర్మం నున్నగా అయింది. ముఖం కూడా నిండుగా వచ్చిందని మా అత్తగారు సంతోషపడ్డారు. డబ్బు కుదరక ఆపేస్తే ఇరవై రోజుల్లో ఒళ్ళంతా ఎర్రబడి, చలిజ్వరం వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అక్కడి చర్మ డాక్టరు మెథోట్రెక్సేట్ మాత్రలు రాశారు. మందుల షాపు అబ్బాయి అది క్యాన్సర్ మందన్నాడు. భయపడి వేసుకోలేదు, మిషను సొరుగులో పెట్టాను. రెండో బిడ్డ కావాలని ఇంట్లో అంటున్నారు. ఆ మాట డాక్టరుతో చెప్పడానికి మొహమాటపడ్డాను. ఈ మధ్య పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు, సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. అత్తగారు నా తువ్వాలు, కంచం వేరు పెట్టారు. చేపలు, వంకాయ మానేశాను. రొట్టెల పండగలో ఆరోగ్య రొట్టె కూడా పట్టుకున్నాను. ఈ జబ్బు పాపకూ వస్తుందా? ఆ మాత్రలు వేసుకోమంటారా, వద్దంటారా?
ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. జబ్బు గురించి రాసిన వాక్యం కాదది. ముఖం నిండుగా వచ్చిందని అత్తగారు సంతోషపడ్డారని రాశారు చూడండి, అక్కడ. ముప్పై దాటిన మనిషికి నాలుగు నెలల్లో బుగ్గలు గుండ్రంగా ఉబ్బాయంటే నేను మొదట అనుమానించేది స్టెరాయిడ్‌ను. పొట్లాన్ని పరీక్షకు పంపకుండా తేల్చి చెప్పకూడదు. కానీ వాడినన్నాళ్ళూ చర్మం నున్నగా ఉండటం, ఆపిన ఇరవై రోజులకు నిలువెల్లా ఎర్రబడి చలిజ్వరం రావడం కూడా దానికి జత కలిశాక నాకు పెద్దగా సందేహం మిగలలేదు. ఏ ఆకూ ఇంత తూచినట్టు పనిచేయదు. పది రోజులు బాగుచేసిన ఆ సూదిమందూ ఆ కుటుంబంలోదే అయి ఉంటుంది.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనను. పూతమందుగా రోజూ రాస్తూనే ఉంటాను. ఉబ్బసంలో, లూపస్ అనే రోగనిరోధక వ్యవస్థ జబ్బులో ప్రాణాలు నిలబెట్టే మందు అది. కానీ సోరియాసిస్‌కు దాన్ని మింగించినా, సూదిగా వేసినా జరిగేది ఒకటే. జబ్బు అణిగినట్టు కనిపిస్తుంది, ఆపగానే అంతకు రెట్టింపై లేస్తుంది. ఒక్కోసారి ఒళ్ళంతా చీము పొక్కులు వస్తాయి, ఒక్కోసారి మీకు జరిగినట్టు తల నుంచి పాదాల దాకా ఎర్రబడిపోతుంది. అప్పుడు చర్మం ఒంటి వేడిని, నీటిని పట్టి ఉంచలేదు. మే నెల ఎండలో కూడా రోగి దుప్పటి కప్పుకుని వణుకుతాడు. దీనికి తోడు, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ మనకు కావలసినంత స్టెరాయిడ్‌ను తయారుచేస్తుంటాయి. నెలల తరబడి బయటి నుంచి వచ్చి పడుతుంటే అవి పని మానేస్తాయి. ఉన్నట్టుండి పొడి ఆపితే అవి వెంటనే మేలుకోవు. వారం రోజుల ఆసుపత్రితో బయటపడ్డారు, మంచిదే. ఆ పొట్లం ఒక్కటైనా మిగిలి ఉంటే పారేయకండి. ఈసారి చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి. నాలుగు నెలలు వాడానని దాచకుండా చెప్పండి. పరగడుపున చక్కెర పరీక్ష, బీపీ కూడా చూడమనండి, ఆ పొడి వాటినీ కదిలించి ఉండవచ్చు.

ఇక మీరు అడిగిన మాత్ర సంగతి. మిమ్మల్ని నొప్పించాలని కాదు కానీ ఒక మాట అనకుండా ఉండలేను. పేరు తెలియని, మోతాదు తెలియని, ఎవరు ఏ గదిలో కలిపారో తెలియని పొడిని నాలుగు నెలలు భయం లేకుండా మింగారు. పేరు, మోతాదు, తయారైన తేదీ అచ్చువేసి, వాడే ముందూ తర్వాతా రక్తపరీక్ష చేయించుకోమని చెప్పి ఇచ్చిన మాత్రను చూసి భయపడి సొరుగులో పెట్టారు. ఇది మీ ఒక్కరి తప్పు కాదు. మందు గురించి ఎవరైనా నిజం చెబితే భయం వేస్తుంది, ఏమీ చెప్పకుండా ఆకుమందని చేతిలో పెడితే ధైర్యంగా ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది ఇలాగే ఉంటారు, అందులో బడిపంతుళ్ళూ ఉంటారు.

మందుల షాపు అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. మెథోట్రెక్సేట్‌ను కొన్ని క్యాన్సర్లకు చాలా పెద్ద మోతాదులో వాడతారు. సోరియాసిస్‌కు, కీళ్ళవాతానికి వాడేది అందులో చిన్న భాగం, అదీ వారానికి ఒక్కసారి. ఈ మందు వెనక మన తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిందీ, దానికి అడ్డుపడే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారుచేసిందీ ఆ బృందమే. 1951లో అమెరికా వైద్యులు కీళ్ళవాతానికి అమినాప్టెరిన్ ఇస్తుంటే సోరియాసిస్ మచ్చలు కూడా తగ్గిపోవడం గమనించారు. తర్వాత దాని స్థానంలోకి మెథోట్రెక్సేట్ వచ్చింది. 1972లో సోరియాసిస్‌కు వాడటానికి అమెరికాలో అధికారికంగా అనుమతి దొరికింది. అంటే మీరు పుట్టకముందు నుంచీ ఎక్కడ మేలు చేస్తుందో, ఎక్కడ చెరుపు చేస్తుందో చూసి రాసిపెట్టిన మందు. మెథోట్రెక్సేట్‌తో పాటు మిగతా రోజుల్లో వేసుకోమని డాక్టరు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాసి ఉంటారు. అంటే మందూ, దాని చెరుపును తగ్గించే తోడు మాత్రా ఒకే ప్రయోగశాల నుంచి వచ్చాయి. నాకు ఇది చీటీ రాసిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

అయితే వెంటనే సొరుగు తీసి మాత్ర వేసుకోకండి. మీరు వేసుకోకపోవడానికి కారణం తప్పు, కానీ వేసుకోకపోవడం మంచిదైంది. రెండో బిడ్డ మాట డాక్టరుకు చెప్పలేదన్నారు. అక్కడే అసలు చిక్కు ఉంది. కడుపులో బిడ్డ ఉండగా మెథోట్రెక్సేట్ వాడకూడదు. గర్భం నిలబడకపోవచ్చు, బిడ్డకు అవకరాలు రావచ్చు. వాడినన్నాళ్ళూ గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. ఆపిన తర్వాత కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు ఆగాలి. అసిట్రెటిన్ అని సోరియాసిస్‌కే ఇంకో మాత్ర ఉంది. దాన్ని ఆపాక కూడా మూడేళ్ళ వరకు గర్భం రాకూడదు, కాబట్టి మీ వయసు ఆడవాళ్ళకు మేము సాధారణంగా దాని జోలికి వెళ్ళం. మొహమాటంతో మింగేసిన మాట ఎంత ప్రమాదమో చూశారా? డాక్టరు అడగలేదు కదా అంటారేమో. అడగాల్సింది, నిజమే. వరుసలో అరవై మంది ఉన్న రోజు ఒక్కోసారి మేమూ తప్పుతాం.

కాబట్టి ముందు మీరు, మీ ఆయన కూర్చుని తేల్చుకోండి. బిడ్డ ఇప్పుడే కావాలా, రెండేళ్ళు ఆగుతారా? ఆగగలమంటే మెథోట్రెక్సేట్ వాడుకుని, జబ్బును అదుపులోకి తెచ్చుకుని, గర్భానికి డాక్టరు చెప్పినన్ని నెలల ముందే ఆపి, బిడ్డ సంగతి చూసుకోవచ్చు. ఇప్పుడే కావాలంటే దారులు వేరే ఉన్నాయి. 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో చేసే చికిత్స గర్భంలో కూడా ఇవ్వదగినది. వారానికి రెండు మూడుసార్లు చొప్పున ఇరవై ముప్పై సార్లు వెళ్ళి ఆ కాంతి పెట్టె ముందు నిలబడాలి. బుచ్చి నుంచి నెల్లూరుకు బస్సులో అన్నిసార్లు తిరగడం తేలిక కాదని తెలుసు, కుట్టుపని కూడా ఆగుతుంది. సైక్లోస్పోరిన్ అనే మందు ఉంది. ఇవి కాక బయలాజికల్స్ అనే ఖరీదైన సూదిమందులు ఉన్నాయి. వాటికి ముందు క్షయ ఉందో లేదో పరీక్ష తప్పనిసరి. ఇంకో సంగతి, గర్భంతో ఉన్నప్పుడు చాలామందికి సోరియాసిస్ తనంతట తాను తగ్గి, కాన్పయ్యాక మళ్ళీ లేస్తుంది. మీకు మొదలైందే పాప పుట్టిన మూడు నెలలకు కదా. రెండో కాన్పు తర్వాత ఆ రోజులకు ముందుగానే సిద్ధంగా ఉండాలి.

మెథోట్రెక్సేట్ మొదలుపెట్టే రోజు వస్తే ఒక్క విషయం గోడమీద రాసుకోండి. వారానికి ఒక్క రోజు. శనివారమంటే శనివారమే. క్యాలెండరులో ఆ గళ్ళకు ఎర్ర సిరాతో చుట్టు చుట్టండి, వేసుకున్నాక అడ్డగీత కొట్టండి. రోజుకొకటి అనుకుని వేసుకుని, నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి వచ్చినవాళ్ళను చూశాను. మెథోట్రెక్సేట్ మాత్ర, ఫోలిక్ ఆమ్లం మాత్ర తరచూ రెండూ పసుపు రంగులోనే ఉంటాయి. ఒకే డబ్బాలో పోయకండి. 2.5 మిల్లీగ్రాముల మాత్రలూ దొరుకుతాయి, 10 మిల్లీగ్రాములవీ దొరుకుతాయి, అట్ట మారిన ప్రతిసారీ అంకె చదవండి. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి చేయించుకోవాలి. నోట్లో పుండ్లు, జ్వరం, ఆగని పొడిదగ్గు, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. మరే చిన్న జబ్బుకైనా ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయోటిక్ మాత్ర ఇవ్వవద్దని చెప్పండి. అదీ, మెథోట్రెక్సేటూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఫలితం వెంటనే కనిపించదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి. పది రోజుల సూదికి అలవాటుపడ్డవాళ్ళు మూడో వారంలోనే మందు పనిచేయలేదని మానేస్తారు.

ఇప్పుడు మీ వేళ్ళ సంగతి. చర్మం కంటే నాకు ఇదే ఎక్కువ దిగులు. సోరియాసిస్ ఉన్నవాళ్ళలో నూటికి ఇరవై నుంచి ముప్పై మందికి కీళ్ళవాతం వస్తుంది. చర్మం మీద మచ్చ తగ్గితే ఆనవాలు సాధారణంగా శాశ్వతంగా మిగలదు, కీలు ఒకసారి అరిగి వంకరపోతే తిరిగి రాదు. ఉత్తరం పక్కన పెట్టి వెలుతురులో మీ గోళ్ళు చూసుకోండి. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు మీద చిన్న చిన్న గుంటలు ఉంటాయి కదా, గోటి మీద అలాంటి గుంటలు ఉన్నాయా? గోరు చివర వేలి నుంచి పైకి లేచి, కింద పసుపు రంగుగా ఉందా? ఒక వేలు మొత్తం వాచి లావుగా ఉందా? మడమ వెనక, పిక్క కండరం ఎముకకు అతికే చోట నొప్పి ఉందా? వీటిలో ఏదైనా ఉంటే డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. కీళ్ళవాతానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ రక్తపరీక్షలో లేదని వచ్చినా కీళ్ళజబ్బు లేనట్టు కాదు, సోరియాసిస్ వాతంలో అది తరచూ లేదనే వస్తుంది. మందు ఏదన్నది కూడా దీని మీదే ఆధారపడుతుంది. కాంతి చికిత్స చర్మాన్ని బాగుచేస్తుంది కానీ కీళ్ళకు ఏమీ చేయదు. గర్భం కావాలనుకునేవారికి కీళ్ళ కోసం సల్ఫాసలజీన్ వంటి మందులు ఉన్నాయి. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, ఒంగోలులో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది. అక్కడ చూపించుకుంటూ కీళ్ళ నిపుణుడి అభిప్రాయం కూడా అడగండి.

ఈ పేరా మీ అత్తగారికి చదివి వినిపించండి. అమ్మా, మీ కోడలికి ఉన్నది గజ్జి కాదు, తామర కాదు. తామర బూజు వల్ల వస్తుంది, అంటుతుంది. గజ్జి పురుగు వల్ల వస్తుంది, అంటుతుంది. ఇందులో బూజూ లేదు, పురుగూ లేదు, రక్తం చెడిపోవడమూ లేదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలు పొరపాటున చర్మాన్ని తొందరపెడుతున్నాయి. మామూలుగా చర్మపు పైపొర కింద పుట్టి పైకి వచ్చి రాలడానికి నెల రోజుల దాకా పడుతుంది. ఈ జబ్బులో మూడు నాలుగు రోజుల్లోనే పైకి వచ్చేస్తుంది. నెల రోజులు కుట్టాల్సిన బట్టను నాలుగు రోజుల్లో తోసేస్తే కుట్లు ఎలా ఊడతాయో, పొట్టు అలా రాలుతుంది. దాన్ని నిండా దులిపి కంచంలో పోసినా ఎవరికీ అంటదు. మా పాఠ్యపుస్తకాల్లో సోరియాసిస్ పొట్టు అభ్రకంలా ఉంటుందని రాసి ఉంటుంది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యార్థులు దాన్ని బట్టీ పట్టేవారు. గూడూరు, సైదాపురం గనుల పక్కన పెరిగిన మాకు వివరించాల్సిన పని ఉండేది కాదు, రేకు మీద రేకు, గిల్లితే తెల్లగా మెరుస్తూ లేచి వస్తుంది. దారిలో దొరికిన అభ్రకం పెచ్చును పిల్లలు జేబులో వేసుకునేవారు, ఎవరూ తువ్వాలు వేరు పెట్టలేదు.

పాపకు వస్తుందా అంటే, వంశంలో కొంత మొగ్గు ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికే ఉన్నప్పుడు పిల్లలకు రాకపోయే అవకాశమే చాలా ఎక్కువ. పాప మోచేతులను రోజూ వెతకకండి, ఆ చూపు పిల్లలకు తెలిసిపోతుంది. గొంతునొప్పి, జ్వరం వచ్చాక ఒంటిమీద నీటిబొట్లలా ఎర్రమచ్చలు లేస్తే మాత్రం చూపించండి.

చేపలు ఎవరు మానమన్నారో కానీ, నెల్లూరు జిల్లాలో ఉండి మామిడికాయ వేసిన చేపల పులుసు మానడం జబ్బు కంటే పెద్ద శిక్ష. చేపకూ, వంకాయకూ ఈ జబ్బుతో లంకె లేదు. హాయిగా తినండి. పొడి వాడినప్పుడు పెరిగిన బరువు ఉంటే అది తగ్గించుకోండి, బరువు తగ్గితే మందులు మెరుగ్గా పనిచేస్తాయని తెలిసిన సంగతే. ఇంట్లో ఎవరికైనా బీడీ, సిగరెట్ ఉంటే అవి చేపల కంటే ముందు పోవాల్సినవి.

ఒంటికి చేసుకునే పనుల్లో ఒకటి రెండు చెబుతాను. స్నానానికి గోరువెచ్చని నీళ్ళు చాలు. పీచుతో రుద్దకండి, సున్నిపిండితో పొట్టు ఊడగొట్టకండి. గీరిన చోట, ఒరుసుకున్న చోట పది ఇరవై రోజులకు కొత్త మచ్చ లేవడం ఈ జబ్బు స్వభావం. నడుము చుట్టూ పావడా నాడా కట్టే గీత మీద మచ్చలు వరుసగా ఉన్నాయేమో చూసుకోండి, ఉంటే వెడల్పు పట్టీ కుట్టుకోండి, మీ చేతిలో పనే కదా. తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో, వ్యాజిలీనో రాయండి. డాక్టరు ఇచ్చిన పూతమందు చూపుడువేలి చివరి గణుపు పొడవున తీస్తే రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది, అంతకు మించి పులమకండి. ముఖానికి, చంకలకు, గజ్జలకు వేరే మందు ఉంటుంది, మోచేతి మందు అక్కడ పెట్టకండి. పొద్దుటి ఎండ మంచిదే, మాడేంత ఎండ కాదు. మైపాడుకు వెళితే సముద్రంలో మునగండి, ఇంటికి వచ్చాక మంచినీళ్ళు పోసుకుని నూనె రాసుకోండి. చలికాలంలో కొంత పెరుగుతుంది, దానికి కంగారుపడి పాత సూది దగ్గరికి పరిగెత్తకండి.

జాకెట్ల కోసం వచ్చేవాళ్ళు చేతులకేసి చూస్తే ముందే చెప్పేయండి, ఇది అంటుకోదు, మందు వాడుతున్నానని. దాచే కొద్దీ పొడవు చేతుల జాకెట్ల వెనక మీరే నలిగిపోతారు. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా అదీ డాక్టరుతో చెప్పాల్సిన లక్షణమే. ఈ జబ్బు మనసును కూడా పట్టుకుంటుంది.

రొట్టె సంగతి ఎందుకో సిగ్గుపడుతూ రాసినట్టు అనిపించింది. స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి నేను కూడా ఒకసారి రొట్టె పట్టుకున్నాను, అది ఆరోగ్యానికి కాదు, ఆ కోరిక ఏమిటో ఇక్కడ చెప్పను. బారా షహీద్ దర్గాకు వెళ్ళండి, మళ్ళీ వెళ్ళండి. జబ్బు పూర్తిగా పోతేనే రొట్టె వదలాలని మాత్రం పెట్టుకోకండి. బీపీ లాగా, చక్కెర లాగా ఇది మీతో ఉండే జబ్బు. అదుపులో ఉండి, వేళ్ళు చక్కగా ముడుచుకుంటే కోరిక తీరినట్టే లెక్కగట్టి రొట్టె వదిలేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళే లోపు ఒక పని చేయండి. రేపటి నుంచి పొద్దున నిద్ర లేచిన సమయం, సూదిలో దారం ఎక్కించగలిగిన సమయం రెండూ క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాయండి. ఐదున్నరకు లేచి ఆరున్నరకు గానీ దారం ఎక్కకపోతే, గంట అని రాయండి. రెండు వారాల గళ్ళు నిండాక ఆ కాగితం, మిగిలిన పొట్లం, సొరుగులోని మాత్రల అట్ట మూడూ ఒకే సంచిలో వేసుకుని వెళ్ళండి. ఈ లోపు మళ్ళీ ఒళ్ళంతా ఎర్రబడినా, చీము పొక్కులు లేచినా, చలిజ్వరం వచ్చినా రెండు వారాలు చూడకండి, అదే రోజు వెళ్ళండి.